ఎడమ పెట్టె మూల

మంగళవారం, పళ్ల ఆసుపత్రి నుంచి

బాబాయ్‌కి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ముగ్గురు మనుషులం క్షేమమే. ఒక స్పీకరు మాత్రం కాదు.

నిన్న హాలు తుడుస్తుంటే కర్ర చివర వెళ్లి ఎడమ స్పీకరు పెట్టె మూలకి తగిలింది. గట్టిగా కూడా తగల్లేదు. చూద్దును కదా, పై అంచున గోరంత ముక్క లేదు. నేల మీద దొరికింది గానీ, అతికిద్దామని పట్టుకునేసరికి వేళ్ల మధ్య నలిగి పొడైపోయింది. పాట మామూలుగానే వస్తోంది. దెబ్బంతా మొహం మీదే.

ఇంతోటిదానికి ఉత్తరమా అంటావు. అవి కొన్న స్పీకర్లు కావు బాబాయ్. మా మావయ్యగారు చూపు ఇంకా మిగిలి ఉండగా, తన చేత్తో చెక్క కోసి, చిత్రిక పట్టి చేసినవి. కళ్లతో చూస్తూ చేసిన చివరి పని అదే. ఆ తర్వాత ఏడాది తిరక్కుండా చూపు పూర్తిగా పోయింది. రోజూ పొద్దున్నే హాల్లోకి వచ్చి, ఎడమ పెట్టె మూల మీద వేళ్లు ఆన్చి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు స్విచ్ వేస్తారు. ఆ మూలే ఆయనకి గుర్తు కాబోలు. ఇవాళ నేను అడ్డం పడి ముందే వేసేశాను. "మీకెందుకమ్మా శ్రమ" అన్నారు.

నా బాధ ఆ "మీకెందుకమ్మా" దగ్గరే ఉంది. కాపరానికి వచ్చి రెండేళ్లయింది, ఇంకా నన్ను మీరు అనే అంటారు. నేను గదిలోకి వస్తే కుర్చీ జరుపుతారు. ఈ దెబ్బ సంగతి తెలిస్తే కోప్పడతారని కాదు నా భయం. కోప్పడరు. మర్యాద ఇంకాస్త పెంచుతారు. అప్పుడు నేను ఈ ఇంట్లో ఎప్పటికీ చుట్టాన్నే.

మా ఆయనకి చెప్పలేను. వంతెనల మీద పగుళ్లు వెతకడం ఆయన ఉద్యోగం. వారానికి ఐదు రోజులు ఊళ్లు తిరిగి శనివారం ఇల్లు చేరతారు. పగులు కనబడితే ముందు కొలత తీస్తారు, తర్వాత నివేదిక రాస్తారు.

కుర్చీలకీ బీరువాలకీ పాలిష్ పట్టి బతుకుతున్నవాడివి, నువ్వే దారి చెప్పాలి. జవాబు ఇంటికి కాకుండా నేను పనిచేసే ఈ ఆసుపత్రికి రాయి.

నీ గడుగ్గాయి

తా.క. ఫోన్ చెయ్యొద్దు. మావయ్యగారి చెవులు నీకు తెలీవు. పోయిన నెల అమ్మ ఫోన్లో మోకాళ్ల నొప్పి అంటే, నేను పెట్టేశాక పక్కగదిలోంచి "మీ అమ్మగారికి కుడికాలే కదమ్మా ఎక్కువ" అని అడిగారు. ఈ ఇంట్లో చప్పుడు చెయ్యనిది ఉత్తరం ఒక్కటే.


గురువారం

చిరంజీవి గడుగ్గాయికి బాబాయి దీవెనలు.

నీ ఉత్తరం కొట్లో అందరి ముందూ చించాను. ఇంతకాలానికి మన ఇంట్లో ఒకరు నా పని గురించి నన్ను సలహా అడిగారు. మీ పిన్నికి రెండుసార్లు చదివి వినిపించాను.

ముక్క ఊడింది అంటున్నావు. కొత్తవాళ్లందరూ అదే అంటారు. నూటికి తొంభైసార్లు ముక్క ఎక్కడికీ పోదు, చెక్క లోపలికి నొక్కుకుంటుంది. ఇక వేళ్ల మధ్య నలిగి పొడైంది అన్నావు చూడు, అది మాత్రం చెక్క కాదు. నా సర్వీసులో పొడి అయిన చెక్కని నేను చూడలేదు. నువ్వు నేల మీద ఏరుకున్నది బిస్కెట్టు ముక్క అయి ఉంటుంది.

కాబట్టి విను. మెత్తటి గుడ్డ తడిపి, పిండి, ఆ గుంట మీద పరుచు. ఇస్త్రీపెట్టె ఓ మాదిరి వేడిగా పెట్టి గుడ్డ మీద ఆన్చు. ఆవిరికి చెక్క ఉబ్బి దానంతట అదే పైకి లేస్తుంది. కంగారు పడకు. ఇలాంటి దెబ్బలు నాకు రోజుకి పది వస్తాయి.

నీ బాబాయి

తా.క. ఆయనకి కనబడదు కదా అని తోచిన రంగు పూసెయ్యకు. ఆయనకి కనబడకపోయినా నాకు పరువు తక్కువ.


మంగళవారం

బాబాయ్‌కి నమస్కారాలు.

శని, ఆదివారాలు ఎలాగో గట్టెక్కాను. ఎడమ స్పీకరు మీద చేతిగుడ్డ కప్పి, దాని మీద పూలకుండీ పెట్టాను. నా అదృష్టం, మా ఆయన స్పీకర్ల వైపు కన్నెత్తి చూడలేదు. కుర్చీ తీసుకెళ్లి కుడి స్పీకరుకి వీపు ఆన్చి కూర్చుని, రెండు రోజులూ అక్కడే పేపరు చదివారు.

నిన్న మావయ్యగారు వాకింగుకి వెళ్లగానే నువ్వు చెప్పినట్టే చేశాను. చెక్క ఉబ్బలేదు బాబాయ్. కరిగింది. గుడ్డ తీసేసరికి గోధుమరంగు చుక్క ఒకటి పెట్టె పక్కనుంచి జారి నేల మీద పడింది. గోరంత గుంట ఇప్పుడు చిటికెన వేలి కొస దూరేంత అయింది.

అంతలో ఆయన వచ్చేశారు. గుమ్మంలోనే ఆగి, "దీపం ఆర్పినట్టు వాసన వస్తోందే" అన్నారు. ఇస్త్రీ చేస్తున్నానండీ అన్నాను. ఎవరి బట్టలమ్మా అన్నారు. మీ అబ్బాయివండీ అన్నాను. "ఇవాళ పొద్దున్నే ఐదు జతలూ ఇస్త్రీ చేయించుకుని వెళ్లాడు కదా" అన్నారు.

రోజూ నేనే ముందు లేచి స్విచ్ వేసేస్తున్నాను గానీ, ఈ ఉదయం ఆయన నాకంటే ముందు లేచారు. మూల మీద వేళ్లు ఆన్చారు. వేళ్లు అక్కడే ఆగిపోయాయి. తీసి, మళ్లీ ఆన్చారు. స్విచ్ వెయ్యకుండానే తన గదిలోకి వెళ్లిపోయారు.

ఏం చెయ్యమంటావో తొందరగా రాయి.

నీ గడుగ్గాయి

తా.క. చెప్పిన అబద్ధం నిలబెట్టుకోవాలి కదా అని కర్టెన్లు దింపి ఇస్త్రీ చేశాను. ఇప్పుడు ఇంట్లో అన్నిటికంటే మర్యాదగా ఉన్నవి అవే.


శుక్రవారం

చిరంజీవి గడుగ్గాయికి దీవెనలు.

చెక్క ఎండుతుంది, ఉబ్బుతుంది, చీలుతుంది, పురుగు పడుతుంది, కాలుతుంది. కరగదు. కరిగిందంటే అది చెక్క కాదు. పైకి చెప్పడానికి కష్టంగానే ఉంది గానీ, మీ మావయ్యగారు చెక్క అనుకుని చేసింది పొట్టూ మైనమూ కలిపి అచ్చు పోసిన ఏదో నాసిరకం పలక. రేడియోలు బాగుచేసే మనిషి, చెక్క సంగతి ఏం తెలుస్తుంది. అమ్మినవాడు అంటగట్టి ఉంటాడు. ఆయన తప్పేం లేదు.

సరే, అయిందేదో అయింది. నేను పొట్లంలో సన్నని రంపపు పొట్టు పంపిస్తున్నాను. దాన్ని జిగురుతో కలిపి గుంటలో కూరు. ఆరాక గరుకు కాగితంతో రుద్దు.

నీ బాబాయి

తా.క. మీ పిన్ని పొట్లం చూసి, టీ పొడి అనుకుని కాసింది. రెండోది పంపుతున్నాను. మొదటిది నేను తాగాను.


బుధవారం

బాబాయ్‌కి.

నమస్కారాలు రాయకూడదనే అనుకున్నాను. పెద్దవాడివని రాస్తున్నాను.

మావయ్యగారి పనిని ఇంకెప్పుడూ అలా అనకు. నువ్వు ఆ పెట్టెలు చూడలేదు. నేను నిన్న ఎడమ పెట్టె దగ్గర వంగి, టార్చిలైటు వేసి, అడుగున కూడా చూశాను. అసలైన చెక్కే. నాలుగు మూలలూ చేతివేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు కలిపారు, ఎక్కడా ఒక్క మేకు లేదు. ఎవరికీ కనబడని అడుగుభాగం కూడా అద్దంలా నునుపు చేశారు. చూపు పోతోందని తెలిసిన మనిషి, తొందరపడకుండా, అంత ఓపిగ్గా చేశారు. దాన్ని నాసిరకం అన్నావు నువ్వు.

ఇక నీ పొట్టు కథ. సోమవారం పొట్లం వచ్చింది, కూరాను. తెల్లారేసరికి పొంగి బొడిపెలా లేచింది. మావయ్యగారు వేళ్లు ఆన్చి, తీసి, తన బొటనవేలిని రెండో చేత్తో తడిమి చూసుకున్నారు. ఆయన అటు వెళ్లగానే గీకేశాను. మళ్లీ గుంట.

అప్పుడు నాకు తట్టింది. పదకొండేళ్లుగా పళ్ల డాక్టరమ్మ పక్కన నిలబడి నేను చేస్తున్న పని ఇదే కదా. డాక్టరమ్మకి పంటిలో నింపే ముద్ద కొంచెం కావాలని చెప్పి, అది గట్టిపడడానికి చూపించే నీలం దీపం కూడా అడిగి తెచ్చాను. ఎవరికమ్మా అని అడిగారు. మా ఇంట్లో పెద్దదానికి అన్నాను. పొరలు పొరలుగా నింపి, దీపం చూపించి, పళ్లకి చేసినట్టే నునుపు పట్టాను. చాలా బాగా కుదిరింది. అంచు ఎక్కడో నాకే దొరకలేదు.

తెల్లగా ఉందనుకో. స్పీకరుకి పన్ను మొలిచినట్టుంది. కళ్లున్నవాళ్ల కోసం పూలకుండీ ఉండనే ఉంది.

నీ గడుగ్గాయి

తా.క. మావయ్యగారు ఇవాళ అక్కడ చాలాసేపు నిలబడ్డారు. అనుమానం వచ్చిందంటావా?


శనివారం

చిరంజీవి గడుగ్గాయికి దీవెనలు.

ఆయనకి క్షమాపణ చెప్పానని ఆయనకి తెలియకుండా చెప్పు.

అనుమానం వస్తే వాన మీద తోసెయ్యి. తేమకి చెక్క ఉబ్బుతుంది, ఎండకి తగ్గుతుంది అని ఏదో మాటల్లో వేసెయ్యి. రేడియో మనిషే కాబట్టి నమ్ముతారు.

కారిన గోధుమరంగు చుక్క మాత్రం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

నీ బాబాయి

తా.క. పంటి ముద్ద చెక్కకి ఎలా పట్టుకుందో వివరంగా రాయి. మీ పిన్నికి చెప్పకు, నేను కనిపెట్టానని చెప్పుకుంటాను.


మంగళవారం

బాబాయ్‌కి నమస్కారాలు.

ఈ ఉత్తరంలో నవ్వడానికి ఏమీ లేదు.

మావయ్యగారు ఇప్పటికీ వీధిలోవాళ్ల రేడియోలు బాగుచేస్తారని నీకు రాశానో లేదో. కిటికీ దగ్గర ఆయనకో బల్ల ఉంది. స్క్రూలు, తీగలు, చిన్న చిన్న డబ్బాలు, ఏది ఎక్కడుందో వేళ్లకే తెలుసు. వేడి కడ్డీ పట్టుకుని తీగలు అతికిస్తుంటే నేను ఊపిరి బిగబట్టి చూస్తాను. ఒక్కసారీ తడబడరు. ఆయన రోజంతా ఆ బల్లే.

నిన్న ఎదురింటావిడ రేడియో బాగు చెయ్యకుండానే తిరిగి ఇచ్చేశారు. తర్వాత నన్ను పిలిచి, "వేళ్లకి చూసే డాక్టరు ఎవరైనా మీకు తెలుసామ్మా" అన్నారు. ఏమైందండీ అన్నాను. "ఒక చోటు ఉంది. అది ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఈమధ్య ఒకరోజు గుంటగా తగులుతోంది, ఒకరోజు గడ్డగా, ఒకరోజు గాజులా చల్లగా. చోటు మారదు కదమ్మా. మారుతున్నది నా వేళ్లే. కళ్లు పోయినప్పుడు ఇవి ఉన్నాయిలే అనుకున్నాను" అన్నారు.

నీ వాన మాట నా నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నిజమూ చెప్పలేకపోయాను. "కనుక్కుంటానండీ" అని వంటింట్లోకి వచ్చి పంపు తిప్పి ఏడ్చాను. పంపు చప్పుడులో ఏడుపు వినబడదనుకున్నాను. కాసేపటికి గుమ్మం దగ్గర నిలబడి, "మీరు దిగులు పడకండమ్మా, నాకు అలవాటే" అన్నారు.

బల్ల మీద గుడ్డ కప్పేశారు బాబాయ్. ఒక గోరంత గుంట దాచబోయి నేను ఆయన చేతులు తీసేసుకున్నాను.

నీ గడుగ్గాయి

తా.క. ఈసారి తా.క.లో ఏమీ లేదు.


గురువారం

అమ్మా,

నీ ఉత్తరం కొట్లో ఎవరికీ వినిపించలేదు. మీ పిన్నికి కూడా.

నా పని గురించి ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నా దగ్గరికి వచ్చే సామాన్లలో దెబ్బ తగిలినవి తక్కువ, దాచబోయి చెడగొట్టినవి ఎక్కువ. దెబ్బ మాత్రమే అయితే పావుగంట పని. దాని మీద పూసిందంతా గీకి తియ్యడానికే నాకు వారం పడుతుంది. ఇంత తెలిసీ నీకు నేను పూయడమే నేర్పాను. అడిగావు కదా అని గొప్ప కొద్దీ చెప్పుకుంటూ పోయాను. ఇందులో తప్పు నీకంటే నాది పెద్దది.

ఇక డాక్టర్లు వద్దు, వాన వద్దు, పొట్టు వద్దు. ఈ ఉత్తరం చదవగానే ఇంటికి వెళ్లి చెప్పెయ్యి. ఆయన నిన్ను జన్మంతా మీరు అంటే అననీ. ఆయన వేళ్లు మంచివేనని ఆయనకి తెలియాలి. అది నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

నీ బాబాయి

తా.క. చెప్పాక, ఆయన మనసు కుదుటపడితే, ఆ కరిగిందేమిటో ఒక్క మాట అడుగు. నేను అంత తప్పు చెప్పే మనిషిని కాను.


ఆదివారం

బావగారికి నమస్కారాలు.

మీ అన్నయ్యగారి అమ్మాయికి మామగారిని. చూపు పోయాక రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. స్కేలు పెట్టుకుని దాని అంచున రాస్తున్నాను. ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కితే క్షమించండి.

శుక్రవారం అమ్మాయి పనిలోంచి పెందలాడే వచ్చింది. చెప్పులు విప్పకుండా నా గదిలోకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్లి, నా వేళ్లు ఆ మూల మీద పెట్టి, మొత్తం చెప్పింది. కర్ర, ఇస్త్రీపెట్టె, మీరు పంపిన పొట్టు, నీలం దీపం. చెప్తూ ఏడ్చింది. వింటూ నేను నవ్వాను. నవ్వు ఆగాక నేను ఏడ్చాను, అప్పుడు తను నవ్వింది.

బావగారూ, ఆ గుంట నాది.

చూపు పోయిన రెండో నెలలో, ఎవరూ లేనప్పుడు, స్టూలు మోసుకుంటూ వచ్చి నేనే ఆ మూలకి కొట్టాను. ముక్క ఎగిరి ఎక్కడ పడిందో దొరకలేదు. అంతకు వారం ముందే మా అబ్బాయి "నాన్నా, ఇంకొక్కసారి దేనికైనా తగిలావంటే ఆ బల్లా కడ్డీ తీసేస్తాను" అన్నాడు. భయంతో అన్నాడు, కోపంతో కాదు. కానీ ఆ బల్ల తీసేస్తే నాకు మిగిలేదేముంది? కొవ్వొత్తి మైనంలో గోధుమరంగు బూటు పాలిష్ కలిపి గుంటలో నొక్కి, నునుపు చేసి ఊరుకున్నాను. మీకు నిద్ర పట్టకుండా చేసిన చుక్క అదే. చెక్క కరగదన్న మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

పొద్దున్నే నేను ఆ మూల తడిమేది స్విచ్ కోసం అనుకుందట మీ అమ్మాయి. స్విచ్ నేను బిగించిందే, దాన్ని వెతుక్కోవడం ఏమిటి. మైనం ఊడిందేమోనని చూసుకునేవాణ్ణి. ఆరేళ్లుగా రోజూ. అందుకే అది మారుతున్నా ఎవరినీ అడగలేకపోయాను. అడిగితే నా గుట్టు బయటపడుతుంది. ఇక వేళ్లనే అనుమానించాను.

మీ అమ్మాయికి మీరు అనడం గురించి కూడా దిగులట. కొత్తగా వచ్చిన పిల్ల, కళ్లు లేని మామగారి బరువు నెత్తిన పడిందే అనుకుంటుందేమో అని, నాకు చేతనైన మర్యాద నేను చేశాను. అది తనని దూరం నిలబెడుతోందని నాకు తట్టలేదు. శుక్రవారం ఆ గొడవలో "ఏడవకు, నువ్వు చేసింది కాదు" అన్నానట. నేను గమనించలేదు. తను చటుక్కున ఏడుపు ఆపి, "ఏమన్నారు, మళ్లీ అనండి" అంది. నువ్వు చేసింది కాదు అన్నాను. మళ్లీ అనమంది. నాలుగుసార్లు అనిపించుకుంది.

ఎదురింటావిడ రేడియో వెనక్కి తెప్పించి నిన్న బాగుచేశాను. తీగ ఒకటి తెగింది, అంతే. వేళ్లు ఒక్క నిమిషంలో పట్టేశాయి. పన్ను అలాగే ఉంచేశాం. ఆకురాయితో కాస్త తగ్గిద్దామని చూశాను. ఆకురాయి అరిగింది గానీ అది అరగలేదు. దాని పైన పూసే రంగు మాత్రం మీరే వచ్చి కలపాలి. అక్కయ్యగారిని కూడా తీసుకురండి. టీ మా కోడలు పెడుతుంది.

మీ
బావ

తా.క. వేళ్లు బాగున్నాయని నాకు నేను రుజువు చేసుకుందామని, నిన్న పొద్దున్న రెండు స్పీకర్లూ అన్ని మూలలూ తడిమాను. కుడి స్పీకరు వెనక, కింది అంచున, బొటనవేలంత మేర ఎవరో కప్పి నునుపు చేసిన చోటు తగిలింది. అది నేను చెయ్యలేదు. అమ్మాయి తనూ కాదని ఒట్టేసింది. టార్చిలైటు వేసి, గోరుతో గీకి, "బూడిదరంగు ముద్ద మావయ్యగారూ, వంతెనల పగుళ్లకి పూసేది" అంది. మావాడు మూడు వారాలుగా ఆ స్పీకరుకి వీపు ఆన్చి ఎందుకు కూర్చుంటున్నాడో అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. ఇవాళ కూడా అక్కడే కూర్చున్నాడు. మేమేమీ అడగలేదు. భోజనాలయ్యాక ముందు నా గుంట సంగతి వాడికి నేను చెప్పేస్తాను, బల్ల తీసేస్తే తియ్యనీ. ఆ తర్వాత వాడి వైపు తిరిగి, వాడు చెప్పేదాకా, నేనూ అమ్మాయీ ఊరికే కూర్చుంటాం.